పైకి వెళ్ళే చీటీ, కిందికి రాని చీటీ

మొన్న కనుమ నాడు మా ఇంటి అరుగు మీద జరిగిన మాటలివి. మాట్లాడినవాళ్ళిద్దరూ డాక్టర్లు, ఇద్దరూ నావాళ్ళే. ఒకరు నా భార్య తమ్ముడు. సర్కారు ఆసుపత్రుల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా సర్జన్‌గా చేసి రిటైరయ్యాడు. రెండోది నా కూతురు. ఉద్దానంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసరు. నేను బడిపంతులుగా చేసినవాణ్ణి, వైద్యం చదువుకోలేదు. కానీ ఆ రోజు విన్నది నా దగ్గరే ఉండిపోకూడదనిపించి రాస్తున్నాను.

ఉద్దానం తెలియనివారికి ఒక్క మాట. శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో పరుచుకున్న కొబ్బరి, జీడి, పనస తోటల సీమ ఇది. ఇంత పచ్చని ఊళ్ళలో ఏళ్ళ తరబడి కిడ్నీ జబ్బు మనుషుల్ని తీసుకుపోతోంది. ఎందరో వచ్చారు, నీళ్ళు పట్టుకెళ్ళారు, నెత్తురు పట్టుకెళ్ళారు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. అంతకుముందు పెద్ద వైద్యం కావాలంటే విశాఖపట్నం పరుగెత్తడమే.

పండగ పూటైనా అమ్మాయి భోజనాల వేళ దాటాక వచ్చింది. కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూలబడి, ముందున్న మజ్జిగ కూడా ముట్టుకోలేదు.

అమ్మాయి: ఒక మంచి ఫిస్టులా పోయింది మావయ్యా. నిన్న సాయంత్రం నుంచి అదురు లేదట.

ఇక్కడ నేను అడిగి తెలుసుకున్నది చెప్పాలి. డయాలసిస్ కోసం చేతిలో ఒక ధమనిని సిరకు కలిపి కుడతారు. అదే ఫిస్టులా. కుట్టిన తరువాత అది సూదికి సిద్ధం కావడానికి కనీసం ఆరు వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. దాని మీద వేలు ఆనిస్తే చర్మం కింద తుమ్మెద ఉన్నట్టు సన్నగా జుమ్మంటుంది. వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకునే మనిషికి ఆ అదురే ప్రాణం. అది ఆగిందంటే లోపల నెత్తురు గడ్డకట్టిందని అర్థం.

మావయ్య: దెబ్బేమైనా తగిలిందా?

అమ్మాయి: లేదు. మా నర్సమ్మే ఆ చేతికి బీపీ పట్టా కట్టింది. ఆయన డయాలసిస్ చేయించుకొచ్చి నీరసంగా మగతగా పడుకున్నాడట. ఇంటి మీదికి వెళ్ళి చూసింది, బీపీ అందలేదు. అందక మూడుసార్లు బిగించింది. పొడుగు చేతుల చొక్కా మీదే కట్టింది, కుట్టు కనబడలేదు. ఆసుపత్రికి తోడు వెళ్ళేది కొడుకు, ఆ వేళ అతను ఇంట్లో లేడు. భార్యేమో నన్ను పట్టుకుని, “ఆ సెయ్యి ముట్టకూడదని నాకెవులూ సెప్పనేదమ్మా” అని ఒకటే ఏడుపు. మా నర్సమ్మా ఏడుస్తోంది.

మావయ్య: ఆ చేతికి బీపీ చూడకూడదు, సూది గుచ్చకూడదు, బరువు ఎత్తించకూడదు. డయాలసిస్ గదిలో తుడిచే ఆయాకి కూడా తెలుసు ఈ సంగతి.

అమ్మాయి: ఆ గదిలో తెలుసు. ఆ గది గుమ్మం దాటితే తెలియదు. ఆయన సంచి తిరగేశాను మావయ్యా. కాగితాలు కిలో బరువున్నాయి. రక్తపరీక్షలు, స్కాన్లు, డిశ్చార్జి కాగితాలు. ఒక్కటంటే ఒక్కటి మా నర్సమ్మకి గానీ నాకు గానీ రాసింది లేదు. అసలు ఆయనకు చెయ్యి కుట్టారన్న సంగతే మా రిజిస్టరులో లేదు.

మావయ్య: తల్లీ, కోపం తెచ్చుకోకుండా విను. నీ కథలో తప్పు ఆసుపత్రిది కాదు. తెలియని చేతులు తెలియని జబ్బు జోలికి పోవడం తప్పు. డయాలసిస్ మనిషిని చూడవలసింది డయాలసిస్ కేంద్రం. నీరసమా, అక్కడికే తీసుకురమ్మనాలి. ఊళ్ళో చూస్తామనుకోవడం దగ్గరే పొరపాటు మొదలైంది. నేను సర్వీసులో చేరిననాడు రోడ్డు లేదు, బండి లేదు, కాబట్టి ఊళ్ళో ఏదో ఒకటి ఉండాలన్నారు, అర్థముంది. 2005లో 108 అంబులెన్సు వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడు పలాసలోనే పెద్దాసుపత్రి వచ్చింది. బండి ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, ఆసుపత్రి దగ్గరైంది. ఇంకా మధ్యలో మీ మాత్రల కొట్లెందుకు? ఆ డబ్బు, ఆ మనుషులు ఆసుపత్రికిస్తే ఒక మత్తు డాక్టరు, ఇద్దరు నర్సులు అదనంగా వస్తారు. ప్రాణాలు నిలబడేది అక్కడ.

అమ్మాయి: ఆయన వారానికి మూడు రోజులు, నాలుగేసి గంటలు ఆసుపత్రిలో ఉంటాడు. వారానికి 168 గంటలు మావయ్యా. తక్కిన 156 గంటలు ఎవరిని చూడమంటావు?

మావయ్య వెంటనే జవాబివ్వలేదు. నాకూ ఆ లెక్క తగిలింది. ఆసుపత్రి అంటే ఎప్పుడూ ఆ పడకలూ ఆ యంత్రాలే కళ్ళ ముందు కదులుతాయి గానీ, జబ్బు మనిషి బతుకంతా ఇంట్లోనే గడుస్తుందన్నది తట్టదు.

మావయ్య: సరే. నా వైపు నుంచి ఒకటి చెప్తాను, విను. నేను ఏరియా ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక రాత్రి బాలింతను తెచ్చారు. కాన్పయ్యాక నెత్తురు ఆగలేదు. ప్రాథమిక కేంద్రంలో కాన్పు. అక్కడ నుంచి సామాజిక ఆరోగ్య కేంద్రానికి పంపారు. వాళ్ళు చూసి మా దగ్గరికి పంపారు. మా దగ్గర ఆ రాత్రి మత్తు డాక్టరు లేడు. మేం జిల్లా ఆసుపత్రికి రాశాం. నాలుగు గుమ్మాలు! ప్రతి గుమ్మం దగ్గరా ఒక చీటీ, చీటీ మీద ఒకటే వాక్యం: మెరుగైన వైద్యం కోసం పంపుతున్నాం. ఎంత నెత్తురు పోయింది, ఏ ఇంజెక్షను ఎప్పుడిచ్చారు, ఏ గ్రూపు, ఏమీ లేదు. ఎవరూ ముందు ఫోన్ చేయలేదు. చేసుంటే మొదటి గుమ్మం నుంచే నేరుగా జిల్లాకి పొమ్మనేవాణ్ణి. ఆ పిల్ల దారిలో పోయింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఆ చీటీ చాలాకాలం నా బల్ల సొరుగులో ఉంచుకున్నాను. అందుకే చెప్తున్నాను, మెట్లు ఎక్కువైన కొద్దీ మనిషి జారిపడే చోట్లు ఎక్కువవుతాయి. మెట్లు తీసెయ్యండి.

అమ్మాయి చాలాసేపు నేల చూపులు చూసింది.

అమ్మాయి: నేనూ అలాంటి చీటీ రాశాను మావయ్యా. చేరిన కొత్తలో. పాము కరిచిన మనిషికి యాంటీ వీనం మొదలుపెట్టి పంపాను, ఎన్ని వయల్స్ ఎక్కించానో రాయలేదు. తొందరలో. ఆయన బతికాడు గానీ, అవతల డాక్టరు ఫోన్ చేసి అడిగినప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తప్పు మా వైపుది, ఒప్పుకుంటాను. కానీ నీ కథలో మెట్టు తప్పు కాదు. మెట్టుకీ మెట్టుకీ మధ్య మాట లేకపోవడం తప్పు. ఒక్క ఫోన్ చాలునన్నది నువ్వే కదా.

మావయ్య: ఫోన్ ఎవరు చేస్తారు, ఎవరు ఎత్తుతారు? నీకు తెలియని విషయం ఒకటుంది. నీ ప్రాథమిక కేంద్రం జిల్లా వైద్య ఆరోగ్య అధికారి కింద. సామాజిక కేంద్రాలు, ఏరియా ఆసుపత్రులు, జిల్లా ఆసుపత్రులు 1986 చట్టంతో వచ్చిన వైద్య విధాన పరిషత్తు కిందికి పోయాయి, వాటికి జిల్లాలో వేరే అధికారి. మెడికల్ కాలేజీ ఆసుపత్రులు వైద్యవిద్య డైరెక్టరు కింద. నేను పనిచేసిన కాలమంతా ఇంతే. నీ డాక్టరు నాకు ఫోన్ చేయకపోతే అడిగే అధికారం నాకు లేదు. నేను నీ పేషెంటును సరిగ్గా చూడకపోతే అడిగే అధికారం మీ అధికారికి లేదు. పేషెంటు ఒక్కడే, ఇళ్ళు మూడు. ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటి లెక్కే చూసుకుంటారు.

అమ్మాయి: తెలుసు మావయ్యా. నేను అనేదీ అదే. ఇల్లు ఒకటి చేయమంటున్నాను. 1946లో దేశ వైద్య వ్యవస్థ మీద నివేదికిచ్చిన భోర్ కమిటీ ఈ మాటే చెప్పింది, నివారణ, చికిత్స అన్ని స్థాయిల్లోనూ కలిసే ఉండాలని.

మావయ్య: భోర్ కమిటీ అన్నావు గనక చెప్తున్నా. అందులో అందరూ వదిలేసిన సగం ఇంకోటుంది. దూరపు లక్ష్యంగా ప్రతి 10 నుంచి 20 వేల మందికి 75 పడకల ఆసుపత్రి పెట్టమన్నారు. ప్రాథమికం అంటే వాళ్ళ దృష్టిలో బీపీ మాత్రలిచ్చే గది కాదమ్మా, ఆసుపత్రే. మనం పడకలు తీసేసి పేరు ఉంచుకున్నాం.

ఇది నాకు కొత్త సంగతి. వాళ్ళిద్దరూ ఎదురెదురుగా వాదించుకుంటూనే, ఊరి వైద్యం, ఆసుపత్రి వైద్యం రెండూ పుట్టుకతో వేరు కావు, తరువాత మనం విడదీసినవే అన్నచోట కలిశారని గమనించాను. కానీ ఆ కలయిక ఎంతో సేపు నిలవలేదు.

అమ్మాయి: థాయ్‌లాండ్‌లో 2002లో అందరికీ వైద్యం పథకం పెట్టినప్పుడు తలకింత అని లెక్కకట్టి డబ్బిచ్చారు. జిల్లా ఆసుపత్రి, దాని చుట్టూ ఉన్న చిన్న ఆరోగ్య కేంద్రాలు కలిపి ఒకే యూనిట్, ఒకే బడ్జెట్. మన దగ్గరా ఉంది, ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు 1965 నుంచి హర్యానాలో బల్లభ్‌గఢ్‌లో ఒక ఆసుపత్రినీ రెండు ప్రాథమిక కేంద్రాలనూ కలిపి నడుపుతూ వచ్చారు. ఆసుపత్రి వాడు ఊరికొస్తాడు, ఊళ్ళో వాడు ఆసుపత్రికి వెళ్తాడు. ఇక్కడా అలా ఒకే అధికారి కిందికి తెస్తే?

మావయ్య: తెస్తే మర్నాడే నీ నర్సమ్మ ఆసుపత్రిలో ఉంటుంది! డెప్యుటేషన్ అన్న మాట విన్నావా? ఆసుపత్రిలో లేబర్ రూముకి మనిషి చాలకపోతే ఎవర్ని లాగుతారు? ఊళ్ళో ఉన్నవాళ్ళని. నేనూ లాగాను. కలెక్టరుగారికి చెప్పి మూడేళ్ళు ఒక ప్రాథమిక కేంద్రం స్టాఫ్ నర్సుని మా దగ్గర ఉంచుకున్నాను. ఆ ఊళ్ళో ఏమైపోయిందో ఒక్కసారి అడగలేదు. ఎందుకో చెప్పనా? ఆసుపత్రిలో మనిషి లేకపోతే మర్నాడు పేపర్లో పడుతుంది. ఊళ్ళో నర్సు లేకపోతే పదేళ్ళ తరువాత కిడ్నీలు పోతాయి, పేపర్లో పడదు. పెద్దదాన్నీ చిన్నదాన్నీ ఒక కుండలో వేస్తే పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. బడ్జెట్ కలపకు తల్లీ. నీది నీ దగ్గరే ఉంచుకో, పోట్లాడి ఉంచుకో.

ఇందాక ప్రాథమిక కేంద్రాలు తీసేసి ఆ మనుషుల్ని ఆసుపత్రికిమ్మన్నది ఈయనే. ఇప్పుడు వాటికి కాపలా కాయమంటున్నాడు. ముప్ఫై ఏళ్ళ అనుభవం మనిషి చేత రెండు మాటలూ నిజాయితీగానే చెప్పించగలదు. అమ్మాయికి దీనికి జవాబు దొరకలేదు, నేనూ ఈ విషయంలో మావయ్య పక్షమే. థాయ్‌లాండ్‌లో సాధ్యమైనది ఇక్కడ ఆసుపత్రి ఆకలి ముందు నిలుస్తుందన్న నమ్మకం నాకు లేదు.

అమ్మాయి: సరే, ఇళ్ళు మూడుగానే ఉండనీ. మధ్యలో తలుపైనా పెట్టండి. తల్లుల విషయంలో పెట్టాం కదా. గర్భిణికి తల్లీబిడ్డల కార్డు ఇస్తాం. నర్సమ్మ రాసిన బరువు, బీపీ, నెత్తురు శాతం ఆ కార్డులోనే. ఆసుపత్రి వాళ్ళు కాన్పు వివరం రాసేదీ అందులోనే. కాన్పయ్యాక తల్లీబిడ్డల్ని ఇంటిదగ్గర దింపడానికి 102 బండి ఉంది. పైకి తీసుకుపోవడానికే కాదు మావయ్యా, కిందికి దింపడానికీ బండి పెట్టారు! ఇంటికొచ్చాక మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజు ఆశా కార్యకర్త గుమ్మంలో ఉంటుంది. అందుకే కదా, 2004–06లో ఉమ్మడి రాష్ట్రంలో లక్ష సజీవ కాన్పులకు 154 మంది తల్లులు పోయేవాళ్ళు, 2018–20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43కి తగ్గింది.

మావయ్య: ఆ ఒక్క కార్డు వల్లే తగ్గిందని అనలేవు. ఆసుపత్రి కాన్పులు పెరిగాయి, నెత్తురు దొరుకుతోంది, రోడ్లు పడ్డాయి.

అమ్మాయి: ఒక్కదాని వల్లే అనను. కానీ కార్డు, బండి, ఆశా లేకుండా తగ్గేదనీ నువ్వు అనలేవు. బాలింతకి చేయగలిగింది డయాలసిస్ మనిషికి ఎందుకు చేయలేం? గుండెకి స్టెంటు వేయించుకొచ్చినవాడికి? పక్షవాతం వచ్చి ఇంటికి దించిన ముసలమ్మకి? వీళ్ళు ఇంటికొచ్చాక ఏ రోజున ఎవరు వెళ్ళాలని ఎక్కడా రాసి లేదు. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానం పెట్టారు. ప్రాథమిక కేంద్రానికి ఇద్దరు డాక్టర్లు, ఒకరు కేంద్రంలో, ఒకరు 104 బండిలో ఊళ్ళకు, నెలకు రెండుసార్లు ఒక్కో ఊరికి. మంచిదే, వెళ్తున్నాం, మంచం మీదున్నవాళ్ళని ఇంటికెళ్ళి చూస్తున్నాం. అక్కడ చూసే కాగితం మాత్రం ఆసుపత్రి వాళ్ళు తమకోసం రాసుకున్నది. ఆసుపత్రి రాసిన బ్రాండు మందు మా దగ్గర ఉండదు. మా దగ్గరున్న మాత్ర అదే మందని ఆయనకు తెలియదు, బయట కొనలేక మానేస్తాడు.

మావయ్య: నా ఓపీ ఎప్పుడైనా చూశావా? పొద్దున్నుంచి వంద మందికి పైన. ఆపరేషన్లు వేరే. ప్రతివాడికీ మీ ఊరి నర్సమ్మకి ఉత్తరం రాస్తూ కూర్చుంటే క్యూలో ఉన్నవాడు పడిపోతాడు.

అమ్మాయి: ఆరోగ్యశ్రీలో ఒక ఆపరేషన్‌కి ఎన్ని కాగితాలు పైకి పంపేవాళ్ళు?

మావయ్య: అబ్బో! ముందు ఫొటో, తరువాత ఫొటో, స్కాను, ఆపరేషన్ వివరం, డిశ్చార్జి కాగితం. అన్నీ ఎక్కిస్తేనే డబ్బు.

అమ్మాయి: ఎవరు ఎక్కించేవాళ్ళు, నువ్వా?

మావయ్య: నేనెందుకు, దానికో మనిషి ఉండేవాడు. ఆరోగ్యమిత్ర కూడా ఉండేవాడు.

అమ్మాయి: డబ్బు కోసం కాగితం ఆరోగ్యశ్రీ ట్రస్టుకి వెళ్ళేది మావయ్యా. అదే కాగితం, అదే మనిషి, అదే కంప్యూటరు. మనిషి కోసం మా ఊరికి మాత్రం రాదు. ఇప్పుడు అందరికీ 14 అంకెల ఆభా ఆరోగ్య ఖాతా నంబరు కూడా ఇస్తున్నారు. నంబరుంది, నంబరు వెనక కాగితం లేదు.

మావయ్య కుర్చీలో ముందుకు జరిగాడు. నేను ఎరిగిన ముప్ఫై ఏళ్ళలో ఆయన వాదనలో తగ్గడం ఎన్నిసార్లు చూశానో వేళ్ళ మీద చెప్పగలను. ఈసారి తగ్గలేదు, కానీ తనకు తానే ఎదురు చెప్పుకుంటున్నట్టు నెమ్మదిగా మాట్లాడాడు.

మావయ్య: నేనొకటి చెప్తాను, నీకు నచ్చదు. ఊరికీ ఆసుపత్రికీ మధ్య సక్రమంగా నడిచే వంతెన ఒకటి మన ఊళ్ళలో ఎప్పట్నుంచో ఉంది. డిగ్రీ లేని ఊరి వైద్యుడు, ఆర్‌ఎంపీ. కడుపునొప్పి వచ్చినవాణ్ణి తన బండి మీద ఎక్కించుకుని పట్నం తీసుకెళ్తాడు. ఏ డాక్టరు ఎక్కడ దొరుకుతాడో తెలుసు. ఆపరేషన్ థియేటరు బయట కూర్చుంటాడు. డాక్టరు చెప్పింది విని, ఇంటికి తెచ్చి, రోజూ వచ్చి డ్రెస్సింగు చేస్తాడు, కుట్లు విప్పుతాడు. రాత్రి పిలిస్తే పలుకుతాడు. నువ్వు కాగితం కావాలంటున్నావు. వాడు కాగితం లేకుండానే రెండు చివర్లూ కలిపాడు. ఆసుపత్రి కమీషన్ ఇస్తుంది గనక చేస్తాడు, నిజమే. చేస్తున్నాడా లేదా?

అమ్మాయి: చేస్తున్నాడు. నాకు నచ్చకపోవడం ఏమీ లేదు. ఉద్దానంలో నొప్పి ఇంజెక్షన్లు వేసి కిడ్నీల మీదికి తెచ్చేదీ అతనే, అయినా ఈ ఒక్క పనిలో అతనే మాకు పాఠం. కమీషన్ కోసం ఒకడు చేయగలిగింది జీతం తీసుకుని మేం ఎందుకు చేయలేకపోతున్నాం? అతనికి అవతల డాక్టరు పేరు తెలుసు, ఫోన్ నంబరు తెలుసు. నాకు పలాసలో కిడ్నీ డాక్టరు నంబరు లేదు, ఆయనకు నాది లేదు. నాకు మాత్రం ఏమొచ్చింది అడగడానికి? అడగలేదు. ఈ ఫిస్టులా మనిషి కిడ్నీలు చెడుతూ క్రియాటినిన్ పెరుగుతున్న సంగతి మా రిజిస్టరులో రెండేళ్ళుగా ఉంది మావయ్యా. అప్పుడే ఒక ఫోన్ చేసుంటే, ముందే చెయ్యి కుట్టించి సిద్ధంగా పెట్టేవాళ్ళు. చేయలేదు గనక మొదటిసారి ఆయాసంతో అర్ధరాత్రి వెళ్తే మెడలో గొట్టం వేసి డయాలసిస్ చేశారు. మళ్ళీ ఆ గొట్టానికి ఇన్‌ఫెక్షను. ఆ తరువాత కుట్టారు ఈ చెయ్యి. ఇప్పుడు అదీ పోయింది, మళ్ళీ మెడలో గొట్టమే. మా దగ్గరున్నది వాళ్ళకు తెలియదు, వాళ్ళ దగ్గరున్నది మాకు తెలియదు. మధ్యన నలిగింది ఆయన.

ఈ మాటల తరువాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ వచ్చి అన్నానికి లేవమంది. లేవలేదు.

మావయ్య: నీ నర్సమ్మ ఎన్నాళ్ళుగా ఉంది అక్కడ?

అమ్మాయి: ఇరవై ఏళ్ళు దాటింది. ఆశాలూ ఆ ఊళ్ళవాళ్ళే. మారేది నాలాంటి డాక్టర్లే. పీజీ సీటొస్తే నేనూ వెళ్ళిపోతాను.

మావయ్య: అందుకని ఉత్తరం నీకు రాసి లాభం లేదు. నర్సమ్మకి రాయాలి.

అమ్మాయి: తెలుగులో రాయాలి. డిశ్చార్జి కాగితంలో మీరు రాసే పొడి అక్షరాలు నాకే ఒక్కోసారి అర్థం కావు.

మావయ్య: డిశ్చార్జి కాగితం కోర్టుకీ పనికొచ్చేది, అది తెలుగులో కుదరదు.

అమ్మాయి: అది అలాగే ఉండనీ. వెనకాల ఇంకో కాగితం పెట్టండి. నాలుగు లైన్లు.

మావయ్య నా జేబులో పెన్ను లాక్కుని, పండక్కి వచ్చిన సామాన్ల జాబితా వెనకవైపు రాయడం మొదలుపెట్టాడు. ఆయన చేతిరాత ఎప్పుడూ కోడిగీతలే. ఆ రోజు మాత్రం రెండో తరగతి పిల్లాడికి దిద్దబెట్టినట్టు గుండ్రంగా రాశాడు. ఆ నాలుగు లైన్లు ఇవి:

ఇతనికి ఎడమ చెయ్యి ఫిస్టులా చెయ్యి. ఆ చేతికి బీపీ చూడవద్దు, సూది వేయవద్దు, గాజులు, వాచీ బిగుతుగా పెట్టనివ్వవద్దు.
రోజూ పొద్దున కుట్టు మీద వేలు పెట్టి అదురు చూడడం ఇంట్లోవాళ్ళకు నేర్పండి. అదురు లేకపోతే ఆ రోజే ఫోన్ చేయండి, మర్నాటికి ఆగవద్దు.
నొప్పి మాత్రలు, నొప్పి ఇంజెక్షన్లు ఎవరు ఇచ్చినా వద్దు.
ఫోన్ చేయవలసిన డాక్టరు పేరు, నంబరు కింద ఉన్నాయి.

మావయ్య: దీనికి రెండు నిమిషాలు పట్టింది. అచ్చువేయించి పెట్టుకుంటే పేరు, చెయ్యి, నంబరు నింపడమే. ఇది నా సర్వీసులో ఒక్కసారీ చేయలేదు తల్లీ. ఎవరూ చేయమనలేదు, నాకూ తోచలేదు. ఆ బాలింత చీటీ సొరుగులో పెట్టుకున్నాను గానీ, నా దగ్గర నుంచి కిందికి ఒక్క చీటీ పంపలేదు.

అమ్మాయి: పైకి వచ్చే చీటీకి కూడా ఒక నమూనా రాసివ్వు మావయ్యా. మేం పంపేటప్పుడు నీకు ఏమేం తెలియాలో.

దాన్నీ రాశాడు. అది పెద్దది. ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు, నెత్తురు గ్రూపు, చివరి బీపీ, ముందు ఎవరితో ఫోన్‌లో మాట్లాడారు. ఆ చివరి గడి ఖాళీగా ఉంటే బండి కదలకూడదని కింద గీత గీశాడు.

శాఖలు కలపాలా వద్దా అన్నదాని మీద వాళ్ళిద్దరికీ అప్పుడూ పొసగలేదు, రేపూ పొసగదు. ఆ తగవు ప్రభుత్వాలు తేల్చుకోవలసింది.  చీటీకి మాత్రం జీవో అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. ఆ ఫిస్టులా మనిషికి చెయ్యి ఆ రోజే బాగుచేయించే ప్రయత్నం జరిగింది గానీ ఆలస్యమైపోయింది. కుడి చేతికి మళ్ళీ కుట్టాలన్నారు.

చదువుతున్నవారికి నాదొక విన్నపం. మీ ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తుంటే, డిశ్చార్జి కాగితం ఇంకో కాపీ తీయించి మీ ఊరి నర్సమ్మ చేతికివ్వండి. బయల్దేరే ముందు డాక్టరును అడిగి, ఇంటి దగ్గర ఏం చేయకూడదో నాలుగు లైన్లు తెలుగులో రాయించుకోండి, కింద ఫోన్ నంబరు వేయించుకోండి. మీరు డాక్టరైతే, ఎవరూ అడగకముందే రాసివ్వండి.